పరుగు ఆగిన ఏడో నంబరు

చిలీ ఉత్తరాన అతాకామా ఎడారి పసిఫిక్‌ను తాకే చోట టోకోపియా అనే రేవు పట్టణం ఉంది. వాన ఎరగని ఊరు. 1988 డిసెంబరులో అక్కడ పుట్టిన అలెక్సిస్ సాంచెజ్‌ది రెక్కాడితే గాని డొక్కాడని ఇల్లు. తండ్రి వదిలేసి పోయాడు. తల్లి చేపలు కడిగే పనికి వెళ్లి పిల్లల్ని సాకింది. అలెక్సిస్ వీధుల్లో కార్లు కడిగి నాలుగు డబ్బులు తెచ్చేవాడు. బంతి మాత్రం కాలిని వదిలేది కాదు. కాలామా ఊరి కొబ్రెలోవా క్లబ్బుతో మొదలై, ఇటలీలో ఉదినేసే, స్పెయిన్‌లో బార్సిలోనా దాటి, 2014 జులైలో లండన్‌లోని ఆర్సెనల్‌కు వచ్చేసరికి అతడికి పాతికేళ్లు.

ఇంగ్లండ్ ప్రేక్షకులు ముందు అతడి గోల్స్‌ను కాదు, పరుగును ప్రేమించారు. ఫార్వర్డ్‌లు సాధారణంగా బంతి చేజారితే నడుము మీద చేతులేసుకుని నిలబడతారు. ఇతడు వెనక్కి తిరిగి, దాన్ని లాక్కున్న డిఫెండర్ వెంటపడి, తన సొంత పెనాల్టీ బాక్సు దాకా తరిమేవాడు. తొలి సీజన్‌లోనే 25 గోల్స్ కొట్టాడు. 2015 మే 30న వెంబ్లీలో ఆస్టన్ విల్లాతో ఎఫ్.ఏ. కప్ ఫైనల్. రెండో సగం మొదలై అయిదు నిమిషాలే అయింది. గోల్‌కు పాతిక గజాల పైన బంతి అందుకుని, లోపలికి మళ్లి, కుడికాలితో కొట్టాడు. బంతి గాల్లో వంకర తిరిగి, ఉన్నట్టుండి కిందికి వాలి, క్రాస్‌బార్ అడుగు అంచును తాకి లోపల పడింది. ఆర్సెనల్ 4-0తో గెలిచింది.

ఆ తర్వాత అయిదు వారాలకు శాంటియాగోలో కోపా అమెరికా ఫైనల్, అర్జెంటీనాతో. పెనాల్టీల దాకా వెళ్లింది. చిలీని గెలిపించాల్సిన తన్ను అతడి వంతుకొచ్చింది. ఓడిపోతే దేశమంతా తలదించుకునే ఘడియలో అతడు బంతిని బలంగా కొట్టలేదు, బూటు కొనతో మెల్లగా ఎత్తాడు. గోల్‌కీపర్ రొమేరో ఒక పక్కకు ఒరిగిపోయాడు, బంతి నడిమధ్యలోంచి తాపీగా లోపలికి వెళ్లింది. చిలీకి అదే మొదటి కోపా.

తర్వాత మాంచెస్టర్ యునైటెడ్‌కు వెళ్లాక ఆ ఆట ఆరిపోయింది. డబ్బాశే అతణ్ణి ముంచిందని ఇంగ్లండ్‌లో ఇప్పటికీ అంటారు. నేను ఒప్పుకోను. లెక్క చూడండి: 2014లో ప్రపంచ కప్, 2015లో కోపా, 2016లో మళ్లీ కోపా, 2017లో కాన్ఫెడరేషన్స్ కప్. వరసగా నాలుగు వేసవులు, తోటి ఆటగాళ్లు సముద్రతీరాల్లో సేదతీరుతుంటే ఇతడు దేశం కోసం పరుగెత్తాడు. ఎగువన అండీస్ ఎత్తుల్లో అర్హత పోటీలు, దిగువన లండన్‌లో వారానికి రెండు మ్యాచ్‌లు. 2015 నవంబరులో నారిచ్‌తో ఆడే ముందే తొడ వెనక కండరం ఇబ్బంది పెడుతోందని అందరికీ తెలుసు. కోచ్ వెంగర్ ఆపలేదు, అతడూ ఆగనన్నాడు. ఆ మ్యాచ్‌లోనే కండరం పట్టేసి దాదాపు రెండు నెలలు బయట కూర్చున్నాడు. మనం అతడిలో ఏది మెచ్చుకున్నామో అదే అతణ్ణి లోపల్లోపల తినేస్తూ వచ్చింది.

పై చూపుకు మాత్రం ఏమీ తెలియలేదు. 2016-17లో లీగ్‌లో 24, మొత్తం 30 గోల్స్. కానీ జట్టు కుంగిపోయింది. బేయర్న్ మ్యూనిక్ అక్కడా ఇక్కడా 5-1తో ఓడించింది. ఆర్సెనల్ అయిదో స్థానానికి జారింది. ఆగస్టు చివరి రోజున మాంచెస్టర్ సిటీకి బదిలీ దాదాపు ఖరారై ఆఖరి గంటల్లో బెడిసికొట్టింది, అతడి చోటికి మరొకణ్ణి ఆర్సెనల్ తెచ్చుకోలేకపోవడం వల్ల. అక్టోబరులో బ్రెజిల్ చేతిలో 3-0 ఓటమితో చిలీ ప్రపంచ కప్‌కు దూరమైంది. రెండు నెలల్లో రెండు తలుపులు మూసుకుపోయాయి.

2018 జనవరిలో మ్ఖితర్యాన్‌తో మార్పిడిగా మాంచెస్టర్ యునైటెడ్ అతణ్ణి తీసుకుంది. బెస్ట్, కాంటోనా, బెక్‌హమ్, రొనాల్డో తొడిగిన ఏడో నంబరు ఇచ్చింది. ఎర్ర జెర్సీలో పియానో ముందు కూర్చుని క్లబ్బు పాట వాయిస్తున్న వీడియో విడుదల చేసింది. లీగ్‌లో అందరికంటే ఎక్కువ జీతం అతడిదేనని పత్రికలు రాశాయి. ఆ జీతం అతడి పేరుకు ఇంటిపేరులా అంటుకుంది. పాస్ తప్పితే జీతం, గోల్ తప్పితే జీతం.

మొదటి మ్యాచ్‌లో యోవిల్ మీద రెండు గోల్స్‌కు పాసులు అందించాడు. ఆ తర్వాతి ఆటను చూడలేకపోయాం. బంతి తీసుకుని డిఫెండర్ మీదికి వెళ్లేవాడు. ఒకప్పుడు ఆ రెండో అడుగులోనే మనిషి వెనకబడిపోయేవాడు. ఇప్పుడు డిఫెండర్ పక్కనే ఉండేవాడు. మనసు పాత వేగాన్నే లెక్కేసుకుంటోంది, కాలు ఆ లెక్కకు అందడం లేదు. 2019 జనవరిలో ఆర్సెనల్ మైదానానికి తిరిగి వెళ్తే ఎనభై గోల్స్ చూసిన అభిమానులే గేలిచేశారు. ఆ రాత్రి గోల్‌కీపర్ చెక్‌ను తప్పించి గోల్ కొట్టాడు. యునైటెడ్ తరఫున అదే ఆఖరిది. 45 మ్యాచ్‌లు, 5 గోల్స్.

2020లో తనే ఒక వీడియోలో చెప్పుకున్నాడు: మాంచెస్టర్‌లో తొలి ప్రాక్టీసు అయిన రోజే, ఒప్పందం చింపేసి ఆర్సెనల్‌కు పోలేమా అని ఇంట్లోవాళ్లనూ ఏజెంటునూ అడిగాడట. సంతకం అయిపోయింది, ఎవరేం చేయగలరు?

అప్పటికే ఇంటర్ మిలాన్‌కు వెళ్లాడు. అక్కడ 2021లో లీగ్ గెలిచాడు. 2022 జనవరిలో యువెంటస్‌తో ఇటలీ సూపర్ కప్, అదనపు సమయం కూడా అయిపోయి 121వ నిమిషం. బెంచీ మీంచి వచ్చిన అలెక్సిస్ గోల్ ముందు దొరికిన బంతిని నెట్టి కప్పు తెచ్చాడు. కొద్ది నిమిషాలకైతే కాళ్లలో ఇంకా సత్తువ ఉంది. తొంభై నిమిషాలూ, మూడు రోజులకోసారీ పరుగెత్తమని అడిగేది ఇంగ్లండ్. అలా పరుగెత్తిన అలెక్సిస్‌ను మాంచెస్టర్ అసలు చూడనే లేదు.