అపభ్రంశ శబ్దం: ఎలక్ట్రిక్ గిటార్ రొదకు ఒక చరిత్ర

ఎలక్ట్రిక్ గిటార్ అనగానే మనలో చాలామందికి రెండు మాటలు స్ఫురిస్తాయి. ఒకటి రొద, రెండోది విష సంస్కృతి. ఈ మాటలు మన సభల్లో, వ్యాసాల్లో ఎంత సులువుగా దొర్లిపోయాయంటే, ఆ రొద ఎక్కడ పుట్టింది, ఎవరు పుట్టించారు, దాన్ని రొద అని మొదట ఎవరన్నారు అని అడిగే అవసరమే మనకు కలగలేదు. సాహిత్యంలో ఏ రూపాన్నయినా దాని సామాజిక మూలాల్లోంచి అంచనా కట్టాలని పట్టుబట్టే మనం, శబ్దం దగ్గరికి వచ్చేసరికి చెవికి ఇంపా కాదా అన్న పాత రసజ్ఞుల కొలబద్దతోనే సరిపెట్టుకుంటున్నాం.

గిటార్ సంగీతం గొప్పదని వాదించడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. యాంప్లిఫయరు, స్పీకరు, కాలితో తొక్కే పెడల్ అనే మూడు వస్తువుల కథలో ఒక 'తప్పు' ఎట్లా గొంతు అయిందో, ఆ గొంతు మళ్ళీ ఎట్లా సరుకయిందో చూడటమే ఉద్దేశం. ఇందులో రచయితలకు పనికివచ్చే పాఠం ఒకటుందని నా నమ్మకం.

1

ముందు వస్తువు సంగతి. చెక్కబొర్ర గిటార్ శబ్దం చిన్నది. ఇత్తడి బాకాలు, డ్రమ్ములు మోగే డ్యాన్సు హాళ్ళలో అది వినిపించేది కాదు. అమెరికాలో జార్జ్ బోషాంప్ రూపొందించగా 1932లో బజారుకెక్కిన అల్యూమినియం గిటార్ ఈ చిక్కును విప్పింది. గుండ్రని ఒళ్ళు, పొడుగాటి కాడ చూసి దాన్ని జనం 'పెనం' అన్నారు. దాని సూత్రం చిన్నదే. అయస్కాంతం దగ్గర ఉక్కుతీగ కంపిస్తే, ఆ అయస్కాంతానికి చుట్టిన సన్నని రాగితీగలో ఒక చిన్న విద్యుత్తరంగం పుడుతుంది. ఈ చుట్టనే పికప్ అంటారు. ఆ తరంగాన్ని యాంప్లిఫయరులోని వాల్వులు ఎన్నో రెట్లు పెంచి స్పీకరుకు పంపుతాయి. ఒకప్పుడు మన ఇళ్ళలో వేడెక్కితే గాని పలకని రేడియోల్లో ఉన్నవీ ఆ జాతి వాల్వులే.

వాల్వుకు ఒక హద్దు ఉంది. అంతకు మించి తోస్తే తరంగం శిఖరాలు ఆ హద్దును తాకి చదునైపోతాయి. అట్లా చదునైనప్పుడు అసలు స్వరంలో లేని అతిస్వరాలు కొత్తగా పుడతాయి. స్వరం గరుకెక్కుతుంది, బరువెక్కుతుంది, త్వరగా చావకుండా సాగుతుంది. ఇంజనీర్లు దీనికి డిస్టార్షన్ అని పేరు పెట్టారు. అంటే వికృతి. పేరులోనే తీర్పు ఉంది. టెలిఫోన్, రేడియో కంపెనీల పరిశోధనలో పెద్ద భాగం ఈ వికృతిని అణచడానికే సాగింది. 1927లో బెల్ లాబొరేటరీస్ ఇంజనీరు హెరాల్డ్ బ్లాక్ కనిపెట్టిన నెగటివ్ ఫీడ్‌బ్యాక్ పద్ధతి లక్ష్యం అదే. టెలిఫోను తీగలో ఒక మనిషి మాట ఇంకో మనిషికి చెదరకుండా చేరాలంటే అది అవసరం కూడా. ఆ అవసరాన్ని తప్పుపట్టడం లేదు. కాని ఒక అవసరం కోసం పుట్టిన కొలబద్ద అన్నిటికీ కొలబద్ద అయి కూర్చున్నప్పుడే పేచీ మొదలవుతుంది.

2

1910 నుంచి 1970 దాకా సుమారు 60 లక్షల మంది నల్లజాతి ప్రజలు అమెరికా దక్షిణ రాష్ట్రాలు వదిలి ఉత్తరాది, పశ్చిమ తీర నగరాలకు వలసపోయారు. పత్తి పొలాల వెట్టి, పాలు కౌలు అప్పులు, మూకహత్యలు వెనక తరుముతుంటే, ఫ్యాక్టరీ కూలి ముందుకు లాగింది. మడ్డీ వాటర్స్ అనే గాయకుడు వాళ్ళలో ఒకడు. 1941లో అలాన్ లోమాక్స్ కాంగ్రెస్ గ్రంథాలయం కోసం అతని పాటలు రికార్డు చేసినప్పుడు అతడు మిసిసిపీలో స్టోవాల్ కామందుల పొలంలో ఉన్నాడు, చేతిలో మామూలు చెక్క గిటారుంది. 1943లో షికాగో చేరి కాగితం మిల్లులో పనిచేశాడు, లారీ తోలాడు, రాత్రిళ్ళు సారాకొట్లలో పాడాడు. మరుసటి ఏడే ఎలక్ట్రిక్ గిటార్ పట్టాడు.

ఎందుకు పట్టాడు? షిఫ్టు దిగి వచ్చిన కార్మికుల మాటల మధ్య, గ్లాసుల చప్పుడు మధ్య చెక్క గిటార్ ఎవరికీ వినపడదు గనక. చవక యాంప్లిఫయర్ నాబును చివరిదాకా తిప్పితే గాని పాట గది వెనక్కి చేరదు. చివరిదాకా తిప్పితే వాల్వు హద్దు దాటక తప్పదు. కాబట్టి ఈ గరుకు శబ్దం మొదట ఎవరో కూర్చుని ఎంచుకున్న శైలి కాదు. ఇరుకు గది, చవక యంత్రం, గట్టిగా చెప్పుకోవలసిన కథ, ఈ మూడూ కలిసి దాన్ని పుట్టించాయి. శైలి అన్న స్పృహ తర్వాత వచ్చింది.

1951 మార్చిలో జరిగిన ఒక ఘటన దీన్ని ఇంకా స్పష్టం చేస్తుంది. ఐక్ టర్నర్ బృందం మిసిసిపీ నుంచి మెంఫిస్‌కు రికార్డింగ్ కోసం కారులో బయల్దేరింది. దారిలో యాంప్లిఫయర్ దెబ్బతింది. కారు మీంచి పడిందని ఒక కథనం, వానలో తడిసిందని ఇంకొకటి. కొత్తది కొనే స్తోమత లేదు. చిరిగిన స్పీకరు కోనులో కాగితాలు కుక్కి, ఆ చిరుగు గొంతుతోనే విల్లీ కిజార్ట్ గిటార్ వాయించాడు. స్టూడియో యజమాని శామ్ ఫిలిప్స్ ఆ శబ్దాన్ని దాచకుండా ముందుకు తెచ్చాడు. అదే 'రాకెట్ 88'. తొలి రాక్ అండ్ రోల్ రికార్డని చాలామంది చెప్పేది దాన్నే. దాని మీద పడిన పేరు గాయకుడు జాకీ బ్రెన్‌స్టన్‌ది. కిజార్ట్ పేరు ఇవాళ ఎందరికి తెలుసు?

1958లో లింక్ రే 'రంబుల్' అనే వాద్యగీతం వాయించాడు. ఆ గరుకు రావాలని పెన్సిలుతో స్పీకరుకు పొడిచి చిల్లులు పెట్టాడు. అమెరికాలో కొన్ని రేడియో స్టేషన్లు ఆ రికార్డు వేయబోమన్నాయి. కుర్రకారు వీధి కొట్లాటలకు దిగుతారని వాళ్ళ భయం. అందులో ఒక్క మాట లేదు. మాటే లేని పాటను నిషేధించారు! నిషేధాల సంగతి కొద్దో గొప్పో ఎరిగిన మనం దీని దగ్గర ఒక్క క్షణం ఆగాలి. భావం మాటలోనే ఉంటుంది, శబ్దం కేవలం అలంకారం అని మనం అనుకోవచ్చు గాక. అధికారం మాత్రం అట్లా అనుకోలేదు.

3

తప్పును సొమ్ము చేసుకోవడానికి పెట్టుబడికి ఎంతోకాలం పట్టలేదు. నాష్‌విల్‌లో మార్టీ రాబిన్స్ పాట ఒకటి రికార్డవుతుండగా మిక్సింగ్ బల్లలో ఒక భాగం చెడిపోయి, గ్రేడీ మార్టిన్ వాయిస్తున్న బేస్ గిటార్ కందిరీగలా జుమ్మని పలికింది. ఆ ముక్కను తీసేయకుండా ఉంచారు. 1961లో పాట పేరుకెక్కింది. ఇంజనీరు గ్లెన్ స్నోడీ ఆ చెడిపోయిన గుణాన్నే ట్రాన్సిస్టర్లతో ఒక చిన్న పెట్టెలో తిరిగి కట్టాడు. గిబ్సన్ కంపెనీ 1962లో దాన్ని 'మేస్ట్రో ఫజ్‌టోన్' పేరుతో అమ్మకానికి పెట్టింది. కాలితో తొక్కితే వికృతి, మళ్ళీ తొక్కితే మామూలు స్వరం. మొదట్లో అది సరిగా అమ్ముడుపోలేదు. గిటార్‌ను బాకాలాగా, సెల్లోలాగా పలికిస్తుందని కంపెనీ ప్రచారం చేసుకోవడం గమనించాలి. తను అమ్ముతున్నదేమిటో అమ్మేవాడికే తెలియలేదు. 1965లో రోలింగ్ స్టోన్స్ 'శాటిస్‌ఫాక్షన్'లో కీత్ రిచర్డ్స్ ఆ పెడల్ వాడాకే దానికి గిరాకీ వచ్చింది. అతడు కూడా తర్వాత బాకాలతో నింపవలసిన చోటుకు గుర్తుగానే దాన్ని వాయించాడట. గుర్తే పాటై నిలిచింది.

ఇక్కడ ఒక గుణాత్మకమైన మార్పు జరిగింది. కిజార్ట్ స్పీకరు చిరిగింది విధిలేక. ఫజ్‌టోన్‌లో ఆ చిరుగు ఒక మీట. దెబ్బ తినకుండానే దెబ్బతిన్న గొంతు కొనుక్కోవచ్చు.

4

అయినా కథ అంతటితో తెగిపోలేదు. పశ్చిమ లండన్‌లోని హాన్‌వెల్‌లో జిమ్ మార్షల్ అనే డ్రమ్ముల మేష్టారు ఒక వాద్యాల దుకాణం నడిపేవాడు. అమెరికా నుంచి వచ్చే ఫెండర్ యాంప్లిఫయర్ల ధర ఇంగ్లండు కుర్రాళ్ళకు అందేది కాదు. 1962లో మార్షల్, అతని దుకాణంలోని కెన్ బ్రాన్, డడ్లీ క్రావెన్ కలిసి ఫెండర్ 'బేస్‌మన్' నమూనాను ముందు పెట్టుకుని, స్థానికంగా దొరికే సామానుతో జే.టీ.ఎం. 45 తయారుచేశారు. నమూనా బేస్ గిటార్ కోసం చేసిందే. కాని భాగాలు మారాయి, 12 అంగుళాల స్పీకర్లు నాలుగు మూసిన పెట్టెలోకి చేరాయి. దాంతో గొంతు మారిపోయింది. ఇటువంటి యాంప్లిఫయర్ల మీద వాల్యూమ్, బేస్, మిడిల్, ట్రెబుల్ అని నాబులుంటాయి. మిడిల్ అంటే మనిషి మాటలో స్పష్టత ఉండే నడిమి శ్రుతులు. 1960ల నాటి ఫెండర్ యాంప్లిఫయర్లు ఆ నడిమి భాగాన్ని కొంత తగ్గించి మెరిసే శుభ్రమైన స్వరం ఇచ్చేవి. మార్షల్ దాన్ని ముందుకు తోసింది. అందుకే డ్రమ్ములు ఎంత మోగినా ఆ గిటార్ అరుపు చీల్చుకుని వస్తుంది.

బర్మింగ్‌హామ్ కథ ఇంతకన్నా కఠోరం. 1965లో టోనీ అయోమీ అనే 17 ఏళ్ళ కుర్రాడు రేకుల ఫ్యాక్టరీలో పనికి చివరిరోజున యంత్రం కింద కుడిచేతి రెండు వేళ్ళ కొసలు పోగొట్టుకున్నాడు. అతడు ఎడమచేతి వాటం గనక తీగలు నొక్కవలసింది ఆ వేళ్ళతోనే. గిన్నెలు కడిగే సబ్బునీళ్ళ ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్ళకు తొడుగులు చేసుకున్నాడు, వాటి మీద తోలు అంటించాడు. మామూలు తీగలు బిగువై నొప్పి పుడితే సన్నని తీగలు వేశాడు, తర్వాత్తర్వాత శ్రుతి తగ్గించాడు. శ్రుతి తగ్గేకొద్దీ శబ్దం బరువెక్కింది. 1970లో వచ్చిన బ్లాక్ సబాత్ తొలి ఆల్బమ్‌లోని ఆ బరువును 'హెవీ మెటల్' అనే శైలికి మూలంగా విమర్శకులు లెక్కిస్తారు. ఆ శైలి పాటల్లో దయ్యాలను, మంత్రాలను చూసి ముఖం తిప్పుకున్నవాళ్ళం, వాటి కింద మోగుతున్న రేకుల మిషనును వినలేదు.

1969 ఆగస్టు 18న వుడ్‌స్టాక్ సభలో జిమీ హెండ్రిక్స్ అమెరికా జాతీయగీతం వాయించాడు. ఒకప్పుడు సైన్యంలో పారాట్రూపర్‌గా పనిచేసిన నల్లజాతి యువకుడు అతడు. మన సభల్లో మైకును స్పీకరు ఎదటికి తెస్తే కూతపెడుతుంది, మైకుసెట్టు కుర్రాడు పరుగెత్తుకొస్తాడు. గిటార్‌కూ యాంప్లిఫయర్‌కూ మధ్య అదే కూత పుడుతుంది. హెండ్రిక్స్ ఆ కూతను స్వరంలా ఆడించాడు. ఫజ్ పెడల్, వా పెడల్, మార్షల్ పెట్టెలు కలిసి ఆ గీతం నడుమ బాంబుల ఈలలూ సైరన్లూ వినిపించాయి. వియత్నాం యుద్ధం సాగుతున్న రోజులవి. గీతంలోని ఒక్క మాటా మార్చకుండా, అసలు మాటే పలకకుండా, దాని అర్థాన్ని నిలదీశాడు. అంతకుముందు అతనికి పెడళ్ళు చేసిచ్చిన రోజర్ మేయర్ బ్రిటిష్ నౌకాదళ శాఖలో శబ్ద, కంపన విశ్లేషణ చేసినవాడు. యుద్ధం కోసం అలవడిన విద్య ఈ రకంగా దారి మళ్ళింది.

5

గొంతెత్తినవాళ్ళ పేర్లు మిగిలాయి సరే, కింద మోసినవాళ్ళ మాటేమిటి? 1951లో లియో ఫెండర్ తెచ్చిన ప్రెసిషన్ బేస్, నిలువెత్తు బేస్ వాద్యాన్ని భుజాన తగిలించుకునే వస్తువుగా మార్చింది. డెట్రాయిట్‌లో మోటౌన్ కంపెనీ పాటల కింద ఆ వాద్యాన్ని ఒక్క చూపుడువేలుతో మీటిన జేమ్స్ జేమర్సన్ శబ్దంలో వికృతి దాదాపు ఉండదు. చాలాసార్లు యాంప్లిఫయర్ కూడా లేకుండా నేరుగా మిక్సింగ్ బల్లకే తీగ కలిపేవారు. ఆ పాటలు కోట్లమంది విన్నారు. ఏళ్ళ తరబడి రికార్డుల మీద వాద్యకారుల పేర్లే వేయలేదు. 1971లో మార్విన్ గే ఆల్బమ్‌తో గాని అతని పేరు అట్ట మీదికి రాలేదు. మరుసటి ఏడు కంపెనీ లాస్ ఏంజెలెస్‌కు తరలిపోయింది. 1983లో, 47 ఏళ్ళకే జేమర్సన్ చనిపోయాడు. కాబట్టి గరుకు స్వరమంతా ప్రజలది, శుభ్రమైన స్వరమంతా పాలకులది అని గీత గీస్తే పొరబాటు. శుభ్రత కింద కూడా శ్రమ ఉంది, అది కనపడకుండా ఉంది.

ఫెండర్ ఫ్యాక్టరీలో 1956లో చేరిన అబిగైల్ యబారా 2013లో పదవీ విరమణ దాకా పికప్‌లకు రాగితీగ చుట్టింది. ఆమె చుట్టి గుర్తు వేసిన పికప్‌ల కోసం సేకర్తలు ఇవాళ వెతుకుతారు. 1965లో లియో ఫెండర్ కంపెనీని సి.బి.ఎస్. సంస్థ 1 కోటి 30 లక్షల డాలర్లకు కొన్నది. ఆ బేరంలో చుట్టే చేతులకు లెక్క కట్టినట్టు లేదు.

6

1998లో లైన్ 6 కంపెనీ 'పాడ్', 2011లో కెంపర్ సంస్థ 'ప్రొఫైలర్' వచ్చాక, ఏ యాంప్లిఫయర్ గొంతునైనా లెక్కల్లోకి దించి దాచుకోవచ్చు. ఎవరి నాబు ఏ అంకె మీద ఉండేదో పట్టికలు దొరుకుతాయి. ఇరుకు సారాకొట్టూ రేకుల ఫ్యాక్టరీ మాత్రం ఆ పట్టికల్లో ఉండవు.

గిడుగు రామమూర్తి కాలంలో గ్రాంథికవాదులు జనం మాటను అపభ్రంశం అన్నారు. అపభ్రంశమన్నా డిస్టార్షనన్నా అర్థం ఒక్కటే: హద్దులోంచి జారినది. ఆ పోరాటంలో మనం ఏ పక్షమో మనకు అనుమానం లేదు. కాని ఆ తర్వాతి ఘట్టం గురించి మనం తక్కువ మాట్లాడుకున్నాం. మన సినిమాలు దశాబ్దాలపాటు తెలంగాణ యాసను రౌడీకీ హాస్యగాడికీ తగిలించాయి. అది యాసను నిషేధించడం కాదు, పెడల్ చేయడం. కావలసిన చోట తొక్కడం, పని అయ్యాక కాలు తీయడం. ఇవాళ కథల్లోనూ ఆ అలవాటు కనిపిస్తోంది. కథకుడి వాక్యమంతా శిష్ట వ్యావహారికంలో మెరుస్తూ సాగుతుంది, కూలివాడు నోరు తెరిచినప్పుడు మాత్రం యాస మోగుతుంది, వెంటనే ఆగిపోతుంది.

మాండలికం వాడామా లేదా అన్నది చాలని ప్రశ్న. కిజార్ట్ స్పీకరులో కాగితాలు కుక్కినట్టు, ఆ గొంతు తప్ప వేరే గొంతు లేని స్థితిలోంచి మన వాక్యం వస్తోందా, లేక ఫజ్‌టోన్ తొక్కినట్టు వస్తోందా? రాసేవాళ్ళూ విమర్శించేవాళ్ళూ ఒక రచనను చేతికి తీసుకున్నప్పుడు అడగవలసింది ఇది. ఆ శబ్దాన్ని రొద అని తోసిపుచ్చినంత కాలం, ఈ ప్రశ్న అడిగే చెవి మనకు రాదు.