ఓరల్ టాలరెన్స్: వేరుశనగ, పటాన్‌చెరు

శరీరం తన సొంత ప్రోటీన్ల మీద తిరగబడకుండా ఉండడాన్ని రోగనిరోధక సహనం అంటారు. అలా తిరగబడే టీ కణాల్లో (ఇవి రోగనిరోధక కణాల్లో ఒక రకం) చాలావాటిని ఛాతీలోని థైమస్ గ్రంథి ముందే ఏరివేస్తుంది. తప్పించుకున్నవాటిని రెగ్యులేటరీ టీ కణాలు అదుపు చేస్తాయి. తిండితో వచ్చే పరాయి ప్రోటీన్లతో సర్దుకుపోవడం మాత్రం పేగు దగ్గర జరుగుతుంది. ఇదే ఓరల్ టాలరెన్స్.

1911లో వెల్స్, ఆస్బోర్న్ అనే శాస్త్రవేత్తలు మొక్కజొన్న తిని పెరిగిన గినీపందులకు ఆ గింజ ప్రోటీన్‌నే సూదితో ఎక్కించారు. వాటికి అనాఫిలాక్సిస్ (ప్రాణాంతకమైన అలర్జీ స్పందన) రాలేదు. 1946లో మెరిల్ చేజ్ ఒక రసాయనాన్ని ముందుగా తినిపించి, దానివల్ల చర్మంపై వచ్చే అలర్జీని ఆపగలిగాడు. కారణం తెలియడానికి దశాబ్దాలు పట్టింది. రెగ్యులేటరీ టీ కణాలను 1995లో గుర్తించిన షిమోన్ సకగుచికి, మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్‌లతో కలిపి 2025లో నోబెల్ వచ్చింది. పేగులోనూ ముఖ్యంగా పనిచేసేది ఈ కణాలే.

వైద్యం మాత్రం కొన్నేళ్లు ఎదురుదారిలో నడిచింది. అలర్జీ ముప్పున్న పిల్లలకు మూడేళ్ల దాకా పల్లీలు పెట్టొద్దని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2000లో చెప్పి, 2008లో ఆ మాట వెనక్కి తీసుకుంది. 2015లో వెలువడిన లండన్ ‘లీప్’ అధ్యయనం విషయం తేల్చింది. తీవ్రమైన ఎగ్జిమా అనే చర్మవ్యాధి గానీ గుడ్డు అలర్జీ గానీ ఉన్న 640 మంది పసివాళ్లను ఇందులో తీసుకున్నారు. మొదటి చర్మపరీక్షలో పల్లీకి స్పందించని పిల్లల్లో, ఐదేళ్లు వచ్చేసరికి, పల్లీ మానేసినవారిలో 13.7 శాతానికి, తిన్నవారిలో 1.9 శాతానికే అలర్జీ వచ్చింది.

అలర్జీని తగ్గించేందుకు గింజ వైపు నుంచి పని సంగారెడ్డి జిల్లాలో జరిగింది. 1972లో పటాన్‌చెరులో ఏర్పడిన అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ జన్యుబ్యాంకులో 15 వేలకు పైగా వేరుశనగ నమూనాలున్నాయి. అరా హెచ్ 1, 2, 3, 6, 8 అనే ఐదు అలర్జీకారక ప్రోటీన్లను గింజలో కొలిచే మెరుగైన ఎలైజా అనే ప్రయోగశాల పరీక్షా పద్ధతిని అక్కడి శాస్త్రవేత్తలు 2019లో ప్రచురించారు. ఇవి తక్కువగా ఉన్న రకాలను ఏరడానికి ఈ కొలతే ఆధారం. అయితే ఈ ప్రోటీన్లలో చాలావరకు మొలక కోసం గింజ దాచుకున్న నిల్వ ప్రోటీన్లే కాబట్టి పూర్తిగా తీసేయడం తేలిక కాదు. వేయించినా వాటి పదును తగ్గదు.

పసిబిడ్డకు పల్లీ మెత్తటి ముద్దగానే పెట్టాలి. గింజ గొంతులో అడ్డుపడుతుంది. ఎగ్జిమా తీవ్రంగా ఉన్నా, గుడ్డు పడకపోయినా ముందు డాక్టరును అడగండి.