బస దొరికిన చోటే పాఠం

చిత్తూరు జిల్లాలోని పూతలపట్టు నుంచి బడి పిల్లల్ని ఎటు తీసుకెళ్లాలన్నా దారులకు కొదవ లేదు. కర్నూలు నుంచి కడప, పీలేరు మీదుగా రాణిపేటకు పోయే జాతీయ రహదారి ఇటుగానే సాగుతుంది. తిరుపతి రోడ్డు ఇక్కడే చీలుతుంది. పాకాల–కాట్పాడి రైలుమార్గం చేరువలోనే ఉంది. తిరుపతి ఒక పక్క, వేలూరు మరో పక్క, పడమట మదనపల్లె కొండలు. ఇన్ని దారులు కూడిన చోట ఏ ఊరికి పోవాలన్నది తేలిగ్గా తేలే విషయం కాదు. ఏజెంటు చేతిలో పెట్టకుండా ఉపాధ్యాయులే పూనుకుని, రెండు మూడు రాత్రులు పిల్లల్ని బయట ఉంచి నడిపించే విజ్ఞానయాత్రల సంగతి ఇది. ఈ సీమలో ప్రయాణాల చరిత్ర తిరగేస్తే ఒక సంగతి పదేపదే కనబడుతుంది: ఎక్కడికి పోవాలన్నది చాలాకాలం రాత్రి ఎక్కడ పడుకోవాలన్న దాన్ని బట్టే తేలింది. ఆ లెక్క చేజారిన తర్వాతే బడి యాత్ర పలచబడిందని, దాన్ని మళ్లీ పట్టుకుంటే తప్ప బాగుపడదని నా వాదన.

మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న కాశీకి బయల్దేరి, తొలి మజిలీల్లోనే తిరుపతి చూశాడు. పదిహేను నెలలు సాగిన ఆ ప్రయాణపు రాతలు 1838లో ‘కాశీయాత్ర చరిత్ర’గా అచ్చయ్యాయి. నీళ్లు మంచివా, సరుకులు దొరికే అంగళ్లున్నాయా, దిగడానికి సత్రమో తోపో ఉందా అన్న వివరాలు అందులో మజిలీ మజిలీకీ కనిపిస్తాయి. పరివారాన్ని వెంటబెట్టుకుని నడిచేవాడికి అవి చిల్లర విషయాలు కావు. వందమందిని కదిలించే మనిషి మొదట ఆలోచించవలసింది వాటినే. సత్రం ఉన్న ఊళ్లో కట్టుకొచ్చిన బియ్యం, పప్పు, చింతపండుతో పూట గడుస్తుంది. చేతిలో రొక్కం ఆడని బడిపంతులుకైనా అలాంటి ఊరే అందుబాటులోది. తిరుపతి రైల్వేస్టేషన్ వెనక దేవస్థానం సత్రాలను జనం రెండో సత్రం, మూడో సత్రం అని వరస సంఖ్యతోనే పిలిచేవారు. కాళహస్తికీ కాణిపాకానికీ కూడా జనం అదే భరోసాతో పోతారు. క్షేత్రాలే బడి యాత్రల గమ్యాలు కావడానికి భక్తి ఒక్కటే కారణమనుకోవడం సగం నిజం. గుంపుగా వచ్చినవాళ్లకు తక్కువ ఖర్చులో పైకప్పు, పొయ్యి, నీళ్లు చూపించే ఏర్పాటు వందల ఏళ్లుగా అక్కడే ఉంది.

1890ల తొలి ఏళ్లలో కాట్పాడి, పాకాల, గూడూరు ఊళ్లను కలుపుతూ మీటర్‌గేజి రైలు వచ్చింది. 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడింది. 1944లో మొదటి ఘాట్‌రోడ్డు తెరుచుకోవడంతో తిరుమలకు బస్సు ఎక్కింది. ప్రయాణం సుళువైనా రైలు దిగేది పగలే, ఉండేది సత్రంలోనే కాబట్టి పాత లెక్క చెదరలేదు. రాష్ట్రాల గీతలు మాత్రం మధ్యలో అడ్డొచ్చాయి. జిల్లాలో భాగంగా ఉన్న తిరుత్తణి, సరిహద్దు వివాదంపై పటాస్కర్ ఇచ్చిన నిర్ణయం ప్రకారం 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రంలో కలిసింది. సర్వేపల్లి రాధాకృష్ణన్ పుట్టిన ఊరది. ఏటా సెప్టెంబరు 5న ఆయన పటానికి దండ వేసే మన పిల్లలకు ఆ ఊరు ఇవాళ పక్క రాష్ట్రం. పూతలపట్టును ఇంటిపేరుగా మోసిన శ్రీరాములురెడ్డి కంబరామాయణాన్ని తెలుగులోకి తెచ్చిన నేల ఇది. తిరుత్తణి, వేలూరు, కంచి ఇక్కడి పిల్లలకు దూరపు ఊళ్లు కాకూడదు.

సత్రం దారితో పాటు అప్పటి చిత్తూరు జిల్లాలోనే మరో దారి కూడా పడింది. అనీబిసెంట్ 1915లో మదనపల్లెలో కళాశాల పెట్టారు. స్కౌటు ఉద్యమాన్ని భారతీయ బాలురకు అందించడానికి ఆ దశాబ్దంలోనే పూనుకున్నదీ ఆమే. గుడారం వేసుకోవడం, వంతులవారీగా వండుకోవడం, రాత్రి కాపలా కాయడం స్కౌటులకు చదువులో భాగం. మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి 1920ల నడుమ బడి కోసం దగ్గర్లోని ఒక లోయను ఎంచుకున్నారు. పెద్ద మర్రిచెట్టున్న ఆ చోటే తర్వాత రిషివ్యాలీ అయింది. 1969 సెప్టెంబరు 24న మొదలైన జాతీయ సేవా పథకం కళాశాల విద్యార్థులను దత్తత గ్రామంలో వారం పాటు ఉంచే శిబిరాన్ని అలవాటు చేసింది. ఆ శిబిరానికి ఊరిని ఎంచేటప్పుడు అక్కడ చూడదగ్గ వింత ఉందా అని అడగరు. పిల్లలు ఉండటానికి బడి ఖాళీగా ఉందా, ఊరివాళ్లు ఒప్పుకుంటారా, చేయడానికి పని ఉందా అని అడుగుతారు. వీరాస్వామయ్య ప్రశ్నలకు ఇవి దగ్గరి చుట్టాలే.

అద్దె బస్సు వచ్చాక ఈ ప్రశ్నలు అవసరం లేకుండా పోయాయి. రాత్రంతా బస్సు నడుస్తుంటే బస అక్కర్లేదు. బస అక్కర్లేనప్పుడు ఎంత దూరమైనా పోవచ్చు, ఎన్ని ఊళ్లయినా చేర్చవచ్చు. మైసూరు, ఊటీ, కొడైకెనాల్ ఒకే కరపత్రంలో ఇమిడిపోయాయి. పిల్లలు సీట్లలో తలలు వాల్చి నిద్రపోతారు, తెల్లారి ఒక పార్కులో దిగుతారు, గంటలో మళ్లీ బస్సెక్కుతారు. ఉపాధ్యాయుడికీ ఆ ఊరు కొత్తే, కాబట్టి చెప్పేది గైడు, నడిపేది డ్రైవరు. దీనివల్ల పోయేది పాఠం ఒక్కటే కాదు. 2014 జూన్ 8న హిమాచల్‌లో బియాస్ నది ఒడ్డున దిగిన హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది, ఎగువ ఆనకట్ట నుంచి వదిలిన నీటిలో కొట్టుకుపోయారు. ఆ నీటి తీరు తెలియనివాళ్లకు అది పొడి రాళ్ల ఏరులాగే కనబడి ఉంటుంది. తప్పు ఎవరిదన్న తీర్పు ఇక్కడ అనవసరం. తీసుకెళ్లే మనిషి ముందుగా ఒకసారి వెళ్లి, స్థానికులతో మాట్లాడి, నీళ్లూ దారీ బసా చూసి రాగలిగిన చోటునే ఎంచుకోవాలన్న నియమానికి ఇంతకంటే బరువైన సాక్ష్యం నాకు కనిపించదు.

దగ్గరి ఊళ్లు పిల్లలు ఎప్పుడో చూసేశారు కదా అంటారు. తిరుమలకు ఏటా పోయే కుటుంబాలు ఇక్కడ చాలా ఉన్నాయి, నిజమే. కానీ దర్శనానికి పోయే బస్సు ఘాట్‌రోడ్డు మలుపులో ఒక రాతిగోడ పక్కనుంచి దూసుకుపోతుంది. కింద పాత గ్రానైటు, దాని మీద క్వార్ట్‌జైటు పొరలు. రెంటి నడుమ పదుల కోట్ల ఏళ్ల కాలం జాడ లేకుండా పోయింది. ప్రభుత్వం దాన్ని జాతీయ భూవిజ్ఞాన స్మారకంగా గుర్తించింది. దాన్ని ఎందరు పిల్లలు చేత్తో తాకి చూశారు? పాకాల దాటి తిరుపతికి పోయే దారిలో గాదంకి ఉంది. 1,024 యాంటెనాలు నేల మీద పరిచి, 53 మెగాహెర్ట్జ్ తరంగాలతో పైవాతావరణపు గాలుల్ని కొలిచే రాడార్ అక్కడ 1990ల నుంచి పనిచేస్తోంది. చంద్రగిరి రాజమహల్, గుడిమల్లం లింగం, కౌండిన్య అడవి, కుప్పంలో అగస్త్య సంస్థ విజ్ఞాన ప్రాంగణం, అన్నీ పొద్దున బయల్దేరితే పగలే చేరగల చోట్లే. చుట్టపుచూపుగా చూడటం వేరు, తిరిగి తిరిగి పరిశీలించడం వేరు.

ఇంతకంటే గట్టి అభ్యంతరం ఒకటుంది. కూలిపనులకు పోయే ఇంటి పిల్లకు బడి యాత్ర ఒక్కటే సముద్రం చూసే అవకాశం. ఆమెను చంద్రగిరితో సరిపెట్టుకోమనడానికి మనమెవరం? ఈ మాటకు నేను తలవంచుతాను. సముద్రం చూడాల్సిందే. అయితే నేను వద్దంటున్నది దూరాన్ని కాదు, ఊళ్ల లెక్కను. మహాబలిపురంలో రెండు రాత్రులుంటే శిల్పాన్ని పొద్దుటి వెలుగులోనూ సాయంత్రపు నీడలోనూ చూడొచ్చు, జాలర్లు పడవలు దింపే వేళకు ఒడ్డున నిలబడొచ్చు. అదే ఖర్చుతో నాలుగు ఊళ్లు తిప్పితే ఆ అమ్మాయికి సముద్రం అరగంటే దక్కుతుంది.

ఆడపిల్లల బస గురించిన భయాన్ని మాత్రం వాదనతో తీసిపారేయలేం. తలుపు గడియ, మరుగుదొడ్డి, రాత్రి కాపలా ఉన్న చోటు దొరక్కే చాలా బడులు రాత్రి యాత్రలు మానుకుంటాయి. సత్రాలు కట్టిన కాలం ఆ ఏర్పాటును ధర్మకార్యంగా చూసింది. మన కాలం చేతిలో అంతకంటే ఎక్కువ కట్టడాలున్నాయి: సంక్షేమ హాస్టళ్లు, కస్తూర్బా బాలికా విద్యాలయాలు, గురుకులాలు. సెలవుల్లో వాటిలో చాలా గదులు తాళం వేసి ఉంటాయి. 2020 జాతీయ విద్యావిధానం విద్యార్థులు వెళ్లి అధ్యయనం చేయడానికి దేశంలో 100 పర్యాటక స్థలాలను గుర్తించాలంది. స్థలాల జాబితా మంచిదే. అంతకుముందు ప్రతి మండలంలో బయటి బడి పిల్లలు నలభైమంది రెండు రాత్రులు ఉండగల భవనం ఏది, తాళంచెవి ఎవరి దగ్గర ఉంది, వంటకు ఎవరొస్తారు అన్న జాబితా జిల్లా విద్యాశాఖ దగ్గర ఉండాలి. అది చేతికొస్తే పూతలపట్టు ఉపాధ్యాయుడు మదనపల్లె పిల్లలకు కాణిపాకం, గాదంకి చూపిస్తాడు, అక్కడి ఉపాధ్యాయుడు ఇక్కడి పిల్లల్ని హార్స్‌లీ కొండ ఎక్కిస్తాడు.