అప్పుకు జీతం, జీతానికి అప్పు: నెల్లూరు మెట్టలో కెమికల్ ఇంజనీరింగు లెక్క

నెల్లూరు జిల్లా పడమటి మెట్టలో, అంటే ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల్లో, జీతం అనే మాటకు ఇప్పుడున్న అర్థం కొత్తది. పాత అర్థం వేరే. అప్పు తీర్చలేని తండ్రి కొడుకుని ఆసామి గొడ్ల దగ్గర వదిలితే దాన్ని 'జీతానికి పెట్టడం' అనేవాళ్లు. ఆ జీతం పిల్లోడి చేతికి రాదు, అప్పులో జమవుతుంది. ఎంత జమైందో, ఎంత మిగిలిందో రాసే పుస్తకం ఆసామి ఇంట్లో ఉంటుంది. 1975లో ఆర్డినెన్సు, 1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చాకే ఆ పుస్తకానికి చట్టం దృష్టిలో విలువ లేకుండా పోయింది.

ఈ పల్లెల్లో ఇంటర్ పూర్తి చేసిన పిల్లలు ఇవాళ అడిగే ప్రశ్న ఒకటుంది. "కెమికల్ తీసుకుంటే జీతమెంత, అప్పెంత?" దీన్ని కొందరు మిత్రులు స్వార్థం లెక్క అని చప్పరించేస్తారు. చదువంటే చైతన్యం కదా, డబ్బు మాటేంది అంటారు. మేము ఒప్పుకోం. తాతల అప్పుకు జీతం చేసిన ఇళ్లలో, చదువు కోసం అప్పు చేసే ముందు జీతం లెక్క అడగడం చరిత్ర నేర్పిన జాగ్రత్త.

ఈ గడ్డకు లెక్క కొత్త కాదు. కలిగిరి మండలం దూబగుంట ఉదయగిరి నియోజకవర్గంలోదే. 1990 తర్వాత సాగిన అక్షరాస్యతా ఉద్యమంలో రాత్రి బడికి వచ్చిన కూలి ఆడవాళ్లు అక్షరాలతో పాటు అంకెలూ నేర్చుకున్నారు. మగాడి కూలిలో సారాకు పోయేదెంత, పొయ్యి మీదికి వచ్చేదెంత అని కూడి చూసుకున్నారు. ఆ కూడిక నుంచి లేచిన పోరాటం 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారాను నిషేధించేదాకా పోయింది. అందులో ముందు నిలబడిన వాళ్లలో దళిత స్త్రీలు ఎందరో. ఇంటి లెక్కను ప్రభుత్వం ముందు పెట్టొచ్చని చూపించింది వాళ్లే. చదువు అప్పు విషయంలోనూ ఆ పని చేయాలంటే, ముందు ఈ అప్పు ఎట్లా పుట్టిందో చూడాలి.

మొదట్లో ఇది అప్పు కాదు. 1942లో వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో చేరిన అంబేద్కర్ ఆ సంవత్సరమే ఒక వినతిపత్రం ఇచ్చాడు. షెడ్యూల్డు కులాల విద్యార్థులకు సైన్సు, సాంకేతిక విద్యల కోసం ఏటా 3 లక్షల రూపాయలు ఇవ్వమన్నాడు. ప్లీడరు చదువులూ, ఆర్ట్స్ డిగ్రీలూ చాలవు, ఖర్చెక్కువయ్యే సాంకేతిక విద్య మనవాళ్లకు అందాలి, ఆ ఖర్చు రాజ్యం పెట్టాలి అన్నది ఆయన వాదన. ఆయన 1913లో కొలంబియాకు వెళ్లింది బరోడా సంస్థానం డబ్బుతో, పదేళ్లు అక్కడ కొలువు చేస్తానని రాసిచ్చిన కాగితంతో. చదువుకు బదులు చాకిరీ రాసివ్వడం అంటే ఏందో ఆయనకు తెలుసు. 1944లో పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్పులు మొదలైనాయి. ఇప్పుడు ఫీజు రీయింబర్స్‌మెంట్ అని మనం పిలిచే దాని వేరు అక్కడుంది. ఏ ముఖ్యమంత్రో దయతో ఇచ్చిన కానుకని పల్లెల్లో ప్రచారం జరుగుతూ ఉంటుంది గనక ఈ మాట గట్టిగా చెప్పాలి.

కెమికల్ ఇంజనీరింగు తెలుగు నేలకు పాత చదువే. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో 1933 నుంచీ రసాయన సాంకేతిక విద్య ఉంది. 1957లో విశాఖలో కాల్‌టెక్స్ రిఫైనరీ వచ్చింది. 1976లో ప్రభుత్వం దాన్ని తీసుకుంది, తర్వాత అది హెచ్.పి.సి.ఎల్.లో కలిసింది. హైదరాబాదులో ఐ.డి.పి.ఎల్., రామగుండంలో 1980లో ఉత్పత్తి మొదలెట్టిన ఎరువుల కర్మాగారం కూడా ప్రభుత్వానివే. వీటిల్లో రిజర్వేషన్ ఉంది, క్వార్టరు ఉంది, పెన్షనో పి.ఎఫ్.ఓ ఉంది. స్కాలర్‌షిప్పుతో యూనివర్సిటీ కాలేజీలో చదివిన దళిత కుర్రాడికి ఆ రోజుల్లో లెక్క సులువు. అప్పు సున్నా, ఉద్యోగానికి రోస్టరు.

1991 తర్వాత రెండు గీతలు ఒకదాన్నొకటి దాటాయి. రామగుండం కర్మాగారం 1999లో మూతపడింది. 2021లో మళ్లీ తెరిచేదాకా ఒక తరం గడిచిపోయింది. ఐ.డి.పి.ఎల్. ఖాయిలా పడింది. అక్కడ పనిచేసి బయటికొచ్చిన కల్లం అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టాడు. ఆయన ఒక్కడే కాదు, హైదరాబాదు మందుల పరిశ్రమలో చాలామందికి ఐ.డి.పి.ఎల్. బడి లాంటిది. ప్రభుత్వ సొమ్ముతో పెరిగిన నైపుణ్యం ప్రైవేటుకు నడిచిపోయింది. రిజర్వేషన్ మాత్రం దాని వెంట పోలేదు.

సరిగ్గా అప్పుడే చదువు ఖరీదైంది. క్యాపిటేషన్ ఫీజును నిషేధిస్తూ 1983లో మన రాష్ట్రం చట్టం చేసింది. 1993లో ఉన్నికృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు ఫ్రీ సీటు, పేమెంట్ సీటు అనే విభజన తెచ్చింది. 2001లో బ్యాంకుల నమూనా విద్యారుణ పథకం వచ్చింది. అంటే రోస్టరు ఉద్యోగం తగ్గుతూ ఉన్న కాలంలోనే అప్పు కాగితం పెరిగింది. కెమికల్‌కు జీతం ఎంత అని ఒక్క కుటుంబాన్ని కూర్చోబెట్టి అడిగితే ఈ సంగతి బయటికి రాదు.

సరే, ఆ కుటుంబం లెక్కా వేద్దాం. ఏటా లక్ష చొప్పున నాలుగేళ్లు 4 లక్షలు తీసుకున్నారనుకోండి, వడ్డీ నూటికి ఏడాదికి 10. చదువయ్యాక ఒక ఏడాది గడువు కలిపితే మామూలు వడ్డీయే 1,40,000 అవుతుంది. 5,40,000ను ఏడేళ్లలో తీర్చాలంటే నెల వాయిదా సుమారు 8,960 రూపాయలు. 2009లో మొదలైన కేంద్ర వడ్డీ సబ్సిడీ దొరికితే, అంటే కుటుంబ ఆదాయం 4.5 లక్షల లోపు ఉండి, కాలేజీకి నాక్ గుర్తింపో కోర్సుకు ఎన్.బి.ఎ. గుర్తింపో ఉంటే, ఆ 1,40,000 తప్పుతుంది. వాయిదా 6,640 దగ్గర ఆగుతుంది. కాలేజీలో చేరకముందే ఆ గుర్తింపు కాగితం చూడమని మేము ప్రతి పల్లెలో చెబుతున్నది ఇందుకే.

ఇది బ్యాంకు సంగతి. రీయింబర్స్‌మెంట్ డబ్బు ఆలస్యమై, పరీక్ష ఫీజుకో సర్టిఫికెట్ విడిపించుకోవడానికో ఊళ్లో మూడు రూపాయల వడ్డీకి లక్ష తెస్తే నెలకు 3,000 వడ్డీకే పోతుంది, అసలు అట్టే ఉంటుంది. చాలా ఇళ్లను ముంచుతున్నది డిగ్రీ ఫీజు కన్నా ఈ మధ్యకాలపు చేబదులే. 2021 నుంచి కొన్నేళ్లు ఫీజు డబ్బు తల్లి ఖాతాలో పడింది, 2024లో ప్రభుత్వం మారాక మళ్లీ కాలేజీకే పంపుతున్నారు. ఎవరి ఖాతా అన్నది పెద్ద చర్చయింది. ఏ తేదీకి పడుతుంది అన్నదే అసలు ప్రశ్న.

ఇక జీతం వైపు. కెమికల్ చదివినవాడు సాఫ్ట్‌వేర్ వాడిలాగా గదిలో కూర్చోడు. మందుల కంపెనీలో ట్రైనీగా చేరితే మూడు షిఫ్టులు, రియాక్టరు పక్కన పని. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లో జరిగిన ప్రమాదంలో 17 మంది చనిపోయారు, వాళ్లలో చదువుకున్న ఇంజనీర్లూ ఉన్నారు. జీతం లెక్కలో ఈ ప్రమాదాన్ని ఏ కౌన్సెలింగులోనూ కలపరు. ఇంకో వైపు చూస్తే, గేట్ రాసి ప్రభుత్వ చమురు సంస్థల్లోకి పోయే దారి ఇంకా ఉంది, అక్కడ రిజర్వేషనూ ఉంది. ఆ దారి కోసం ఒకటి రెండేళ్లు సంపాదన లేకుండా చదవగలగాలి. వాయిదాలు మొదలైన ఇంట్లో అది కుదరదు. అందుకే మా అంచనా ఇది: యూనివర్సిటీ కాలేజీలోనో, 2008లో పెట్టిన ట్రిపుల్ ఐటీల్లోనో సీటొస్తే కెమికల్ తీసుకోవచ్చు, భయం లేదు. మేనేజ్‌మెంట్ సీటుకు అప్పు చేసి మాత్రం వద్దు. దానికన్నా పాలిటెక్నిక్ డిప్లొమా చేసి, ఈసెట్‌తో రెండో ఏడాదిలో చేరడం మేలు.

ఇక్కడ ఇంకో చిక్కుంది. ఉదయగిరి, ఆత్మకూరు రెండూ అమెరికన్ బాప్టిస్టు మిషన్ కేంద్రాలు. ఒకే పల్లెలో, ఒకే రక్తంలో, ఒకరి చేతిలో ఎస్సీ సర్టిఫికెట్, ఇంకొకరి చేతిలో బీసీ-సి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు గీసిన గీత అది. 2012 తర్వాత కొన్నేళ్లు ఎంసెట్‌లో 10,000 దాటిన ర్యాంకు వచ్చిన బీసీ విద్యార్థికి 35,000 రూపాయలే ఇచ్చారు, ఎస్సీకి మాత్రం మొత్తం ఫీజు ఇచ్చారు. అన్నకు అప్పు లేదు, చిన్నాయన కొడుక్కు అప్పు. ఇద్దరి తాతా ఒకే ఆసామి దగ్గర జీతం చేసినవాళ్లే.

పైగా 4 లక్షలు దాటిన రుణానికి నమూనా పథకం హామీదారుణ్ణి అడిగేది. 2015లో కేంద్రం 7.5 లక్షల వరకు పరపతి హామీ నిధి పెట్టాక ఆ షరతు సడలింది. అయినా బ్యాంకు మెట్లెక్కే తండ్రికి ఆ సంగతి ఎవరో ఒకరు చెప్పాలి. చెప్పకపోతే ఆయన హామీ సంతకం కోసం పొలం పట్టా ఉన్న ఇల్లు వెతుక్కుంటూ ఊళ్లోకి పోతాడు. ఈ మెట్టలో ఆ ఇల్లు ఎవరిదో మళ్లీ రాయనక్కర లేదు.