మక్కు కింద మక్కు

కొండపల్లి బొమ్మను ఒక్క కొయ్యలో మొత్తంగా చెక్కరు. తెల్లపొణికి కర్రను సెగ మీద ఆరబెట్టి, ఒళ్లు వేరే, చేతులు వేరే చెక్కి, మక్కుతో అతికిస్తారు. చింతగింజల పిండి, రంపపుపొట్టు కలిపిన ముద్దే మక్కు. ముక్కూ చెవులూ తీర్చేదీ దాంతోనే. ఆరాక సున్నం పూత, పైన రంగు. పూర్వం నీటిరంగులే, ఎనామెల్ తర్వాత వచ్చింది.

మా చిట్టమూరు వైపు ఈ బొమ్మలకు గాలే శత్రువు. సముద్రపు చెమ్మకి చింతగింజ మక్కు మెత్తబడుతుంది, పురుగూ పడుతుంది. దసరా కొలువుకు పెట్టె దించేసరికి ఏదో ఒక బొమ్మకి చెయ్యి ఊడి ఉండేది. మా అమ్మమ్మ చింతగింజలు వేయించి, పొట్టు తీసి, నూరి మళ్లీ అతికించేది. ఆ తర్వాతి వాళ్లకు ఎంసీల్ దొరికింది. మా అంబారీ ఏనుగు మీద మావటి పోతే, ఆ చోట ఒక రైతుబొమ్మను కూర్చోబెట్టి, నడుం చుట్టూ ఎంసీల్ మెత్తి, మొత్తానికి ఎర్ర ఎనామెల్ కొట్టేశారు.

దాన్ని విప్పడానికి కూర్చున్నాకే రెండు కాలాల తేడా నాకు వేళ్లకు తెలిసింది. ఎంసీల్ నీళ్లకు లొంగదు. హెయిర్ డ్రయ్యర్ వేడి తగిలితే కాసేపు మెత్తబడుతుంది. అప్పుడే సన్న బ్లేడుతో పొరలు పొరలుగా లేపాలి, కొయ్యదాకా పోకూడదు. ఎనామెల్ పని మరో రోజు, నిప్పూ వేడీ లేని చోట, కిటికీలు తెరిచి. దూదికి అసిటోన్ అద్ది, గోరంత మేర ఒత్తి, మెత్తబడ్డ రంగును తుడవాలి. అసిటోన్ జిగురు రంగునీ చింతగింజ మక్కునీ కరిగించదు; నీళ్లు కరిగిస్తాయి. అందుకే తడిగుడ్డ దగ్గరికి రానివ్వలేదు. ఉప్పుకాగితం అసలు వద్దు. రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదన్న నిబంధన మన దేశంలో అమల్లోకి వచ్చింది 2017 నవంబరులో; పాత ఎనామెల్ దుమ్ము పీల్చడం ప్రమాదం. ఏటికొప్పాక బొమ్మకి మాత్రం ఈ పద్ధతి పనికిరాదు. దాని మీదున్నది లక్క, స్పిరిట్ తగిలినా పోతుంది.

ఎర్ర రంగు కింద ఏనుగు చెవి వెనక పాత పసుపు గీత కనబడింది. నాకు తంజావూరు గుర్తొచ్చింది. బృహదీశ్వరాలయంలో చోళుల చిత్రాల మీద మన తెలుగు నాయక రాజుల కాలంలో కొత్త చిత్రాలు వేశారు. అడుగున చోళ చిత్రాలున్నాయని 1931లో ఎస్.కె. గోవిందస్వామి కనిపెట్టారు. తర్వాత పురావస్తు శాఖవాళ్లు పై పొరను గీకి పారెయ్యలేదు. ఊడదీసి ఫైబర్‌గ్లాస్ పలకల మీద నిలబెట్టారు. పైనున్నదీ ఒకరి చేతిపనే కదా. నేనూ రైతును పారెయ్యలేదు. కొలువులో పల్లెటూరి మెట్టు మీద అతనికి చోటిచ్చాను.

ఏనుగు దంతానికి మాత్రం అమ్మమ్మ మక్కే పెట్టాను, పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం కలిపి. రేపు ఎవరికైనా తీయాలనిపిస్తే, గోరువెచ్చని తడిగుడ్డ కాసేపు చుట్టి ఉంచితే చాలు, ఊడి వస్తుంది.