అమ్రాబాద్ పులుల అభయారణ్యం: సందర్శన చరిత్ర

అమ్రాబాద్ పులుల అభయారణ్యం (అమ్రాబాద్ టైగర్ రిజర్వ్) తెలంగాణలోని నాగర్‌కర్నూల్, నల్గొండ జిల్లాల్లో నల్లమల కొండలపై విస్తరించిన రక్షిత అడవి. విస్తీర్ణం 2,611 చదరపు కిలోమీటర్లు. హైదరాబాద్‌కు అన్నిటికన్నా దగ్గరున్న పులుల అడవి ఇదే. కోకాపేట, గచ్చిబౌలి వైపు నుంచి బయలుదేరేవారు ఔటర్ రింగ్ రోడ్డు మీద తుక్కుగూడ దాకా వచ్చి శ్రీశైలం రహదారి పడతారు. అడవికి ముఖద్వారం మన్ననూర్.

వేట కాలం

నిజాంల ఏలుబడిలో ఈ అడవి షికారుకు నెలవు. ఫర్హాబాద్‌లో కట్టిన వేట విడిది షికార్‌గఢ్ ఇప్పుడు శిథిలమైంది. వేట కోసం కాపాడిన అడవులు తర్వాత చూడవచ్చేవారికి తెరుచుకోవడం ఇతర దేశాల్లోనూ జరిగింది. దక్షిణాఫ్రికాలో 1898లో ఏర్పడిన సాబీ రక్షిత ప్రాంతం 1926లో క్రూగర్ జాతీయ పార్కులో భాగమైంది. మరుసటి ఏడాదే సందర్శకుల కార్లు లోపలికి వెళ్లాయి. నల్లమలలో మాత్రం వన్యప్రాణుల అభయారణ్యం కన్నా ముందే మనుషుల కోసం హద్దు గీశారు. ఈ అడవిలో నివసించే చెంచు ఆదివాసులను అధ్యయనం చేసిన మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ సిఫారసు మేరకు, 1942లో నిజాం ప్రభుత్వం సుమారు లక్ష ఎకరాలను వారికి కేటాయించింది.

అభయారణ్యంగా

1978లో నాగార్జునసాగర్–శ్రీశైలం అభయారణ్యం ఏర్పడింది. 1983లో అది ప్రాజెక్ట్ టైగర్ పరిధిలోకి వచ్చింది. 2014లో రాష్ట్ర విభజన తర్వాత కృష్ణకు ఉత్తరానున్న భాగం అమ్రాబాద్‌గా వేరైంది. 2019లో ఇక్కడ 83 చదరపు కిలోమీటర్లలో యురేనియం అన్వేషణ ప్రతిపాదనపై ఆందోళన చెలరేగింది. ఆ సెప్టెంబరులో తవ్వకాలను వ్యతిరేకిస్తూ శాసనసభ తీర్మానం చేసింది.

సందర్శన

సఫారీ ఫర్హాబాద్ గేటు నుంచి మొదలవుతుంది. చుక్కల దుప్పులు, కణుజులు, మనుబోతులు కనిపించే అవకాశం ఎక్కువ. చిరుత, ఎలుగుబంటి, రేచుకుక్కలు అరుదు. పులి కనబడడం అదృష్టమే. పులులను గుర్తించేందుకు దారికి అటూ ఇటూ మోకాలి ఎత్తున ఎదురెదురుగా రెండేసి కెమెరాలు కట్టి ఉంటాయి. పులికి కుడి పక్క చారలు ఒక తీరు, ఎడమ పక్కవి మరో తీరు. రెండు వైపులా బొమ్మ పడితేనే ఏ పులి ఏదో తేలుతుంది.

2021 నవంబరులో అటవీశాఖ మన్ననూర్‌లో రాత్రి బస, సఫారీ, ట్రెక్కింగ్ కలిపి 'టైగర్ స్టే' ప్యాకేజీ ప్రారంభించింది. చెంచు యువకులు గైడ్లుగా పనిచేస్తారు. జూలై నుంచి సెప్టెంబరు వరకు సఫారీ ఉండదు. రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు అడవిలోని శ్రీశైలం రహదారిపై వాహనాలను ఆపేస్తారు.

చెంచులు, పునరావాసం

అభయారణ్యం నడిబొడ్డున చెంచు పెంటలు (చిన్న ఆవాసాలు) ఉన్నాయి. కోర్ ప్రాంతంలోని కొన్ని గ్రామాలను బయటికి తరలించే ప్రతిపాదన చాలాకాలంగా నడుస్తోంది. ఇష్టపడి వెళ్లే కుటుంబానికి 15 లక్షల రూపాయల పరిహారం కేంద్రం నిర్ణయించింది. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం గ్రామసభ సమ్మతి లేకుండా ఎవరినీ కదిలించడానికి వీల్లేదు. సందర్శకులకు దారి చూపుతున్న చెంచుల ఊళ్లకే ఈ తరలింపు ప్రశ్న ఎదురవడంతో, ఇక్కడి పర్యాటకం గురించిన చర్చ పులితో పాటు చెంచుల హక్కుల చుట్టూ కూడా తిరుగుతోంది.