చచ్చుబడిన చెయ్యి వైపు చూసిన జిమ్నాస్టిక్స్ టీచర్

కథ మొదలుపెట్టే ముందు మీతో ఒక చిన్న పని చేయిస్తాను. కుర్చీలో కూర్చున్నారా? వీపు వెనక్కి ఆనించండి. పాదాలు కొంచెం ముందుకి పెట్టండి. ఇప్పుడు చేతుల సాయం లేకుండా, నడుం ముందుకి వంచకుండా లేవండి.

లేవలేకపోయారు కదా? కాళ్లలో బలం లేక కాదు. లేవడం కాళ్లొక్కటే చేసే పని కాదు. ముందు తల, నడుం వంగాలి, ఒంటి బరువు పాదాల మీదికి రావాలి, ఆ తర్వాతే కాళ్ల వంతు. డాన్స్ నేర్పేవాళ్లకీ జిమ్నాస్టిక్స్ నేర్పేవాళ్లకీ ఇది మామూలు సంగతి. దీన్ని పక్షవాతం వచ్చినవాళ్ల మంచం దగ్గరికి తీసుకెళ్లిన మనిషి గురించే ఈరోజు ఎపిసోడ్. ఆవిడ పేరు బెర్తా బొబాత్.

మీ ఫ్రెండ్స్‌లో ఎవరైనా బీపీటీ చదువుతుంటే 'బొబాత్' అనే మాట వాళ్లకి తెలిసే ఉంటుంది. సిలబస్‌లో ఉంటుంది. నేనైతే చాలాకాలం అదేదో టెక్నిక్ పేరే అనుకున్నాను, మనిషి పేరని తెలీదు.

బెర్తా 1907లో బెర్లిన్‌లో పుట్టింది. 1920లలో ఆ ఊళ్లో జిమ్నాస్టిక్స్ అంటే మనం ఒలింపిక్స్‌లో చూసే పల్టీలు మాత్రమే కాదు. ఊపిరి ఎలా తీసుకుంటున్నాం, ఒంట్లో ఎక్కడ అనవసరంగా బిగబట్టుకుంటున్నాం, ఒక కదలిక ఎక్కడ మొదలై ఎక్కడికి పాకుతోంది, ఇవన్నీ నేర్పే స్కూళ్లు చాలా ఉండేవి. అలాంటి ఒక స్కూల్లో, అన్నా హెర్మాన్ అనే ఆవిడ నడిపే దాంట్లో, బెర్తా చదువుకుంది. తర్వాత అక్కడే టీచరైంది. అంటే ఆవిడ మొదటి చదువు రోగాల గురించి కాదు, బాగున్న ఒళ్లు ఎలా కదులుతుందనే దాని గురించి. ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి.

1933లో హిట్లర్ వచ్చాడు. యూదు కుటుంబం కాబట్టి ఉద్యోగం పోయింది. 1938లో లండన్ చేరింది. బెర్లిన్‌లో పరిచయమున్న కారెల్ బొబాత్ అనే డాక్టర్ ఆ మరుసటేడు అక్కడికే వచ్చాడు. 1941లో పెళ్లి చేసుకున్నారు.

ఇక అసలు కథ. యుద్ధం రోజుల్లో ఆవిడ దగ్గరికి ఒక పేషెంట్ వచ్చాడు. బొమ్మలు గీసే ఆయన. పక్షవాతంతో కుడివైపు పడిపోయింది, చెయ్యి మడతపడి బిగుసుకుపోయింది. అప్పట్లో ఇలాంటివాళ్లకి చేసే వైద్యం ఏంటంటే, పడిపోయిన వైపుని దాదాపు వదిలేయడం. బాగున్న చేతికి బలం పెంచు, ఆ చేత్తో కర్ర పట్టుకో, కాలికి పట్టీ కట్టుకో, ఉన్నదాంతో సరిపెట్టుకో. ఆ బిగుసుకుపోవడం ఇక అంతే, మారదని పెద్ద పెద్ద డాక్టర్లే అనుకునేవారు.

బెర్తా ఆ చేతిని పట్టుకుని లాగలేదు. ముందు చూసింది. ఆయన్ని ఎలా కూర్చోబెడితే చెయ్యి ఇంకా ముడుచుకుంటోంది? భుజం, నడుం ఎటు కదిలిస్తే వదులవుతోంది? వేళ్లు విడదీయాలంటే వేళ్ల దగ్గర కాదు, భుజం దగ్గరా నడుం దగ్గరా మొదలుపెట్టాలని ఆవిడకి అర్థమైంది. బిగువు రాయి లాంటిది కాదు, ఒళ్లు ఉన్న తీరుని బట్టి పెరుగుతుంది, తగ్గుతుంది. తగ్గిన ఆ కాసేపట్లో కదలిక నేర్పచ్చు. ఆసుపత్రి చదువు లేకపోవడమే ఇక్కడ ఆవిడకి కలిసొచ్చిందని నాకనిపిస్తుంది. 'మారదు' అని ఆవిడకి ముందుగా ఎవరూ పాఠం చెప్పలేదు కదా.

కానీ ఆ చదువు లేకపోతే వినేవాళ్లు తక్కువ. అందుకని నలభై దాటాక మళ్లీ పరీక్షలు రాసింది. 1950లో ఫిజియోథెరపిస్ట్‌గా గుర్తింపు తెచ్చుకుంది. 1951లో భార్యాభర్తలిద్దరూ కలిసి లండన్‌లో సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లల కోసం సెంటర్ పెట్టారు.

పిల్లల దగ్గర ఆవిడ తప్పు ఆవిడకే కనిపించింది. మొదట్లో బిగువు తగ్గే భంగిమలో పిల్లల్ని కదలకుండా పట్టుకునేవారు. బిగువు తగ్గేది. వదలగానే? ఇంటికెళ్లి అన్నం తినడానికీ ఆడుకోవడానికీ అదేం ఉపయోగపడలేదు. బెర్తా ఆ పద్ధతి పక్కన పెట్టేసి, పిల్లలు కదులుతుండగానే సాయం చేయడం మొదలుపెట్టింది. తన పేరుతో నడిచే పద్ధతిని తనే తిరగరాయడం చిన్న విషయం కాదు.

కారెల్ సిద్ధాంతం మాత్రం అంతగా నిలవలేదు. ఆయన లెక్క ప్రకారం మెదడు పై అంతస్తులో ఆఫీసరు, రిఫ్లెక్సులు కింద గుమాస్తాలు. ఆఫీసరు లేకపోతే గుమాస్తాలు ఇష్టమొచ్చినట్టు చేస్తారు, అదే బిగువు. మెదడు అంత సింపుల్‌గా పనిచేయదని తర్వాత తేలింది. ఇంకొకటి. బలం పెంచే ఎక్సర్‌సైజులు చేస్తే బిగువు పెరుగుతుందని ఆ పద్ధతి వాళ్లు భయపడేవారు. ఆ భయం తప్పని పరిశోధనల్లో తేలింది. 2009లో అప్పటిదాకా జరిగిన ట్రయల్స్ అన్నీ కలిపి చూస్తే, మిగతా పద్ధతుల కంటే బొబాత్ పద్ధతి మెరుగని రుజువు దొరకలేదు. గ్లాసు అందుకోవడం, గుండీ పెట్టుకోవడం లాంటి అసలు పనులే పదేపదే చేయించడం మీద ఇప్పుడు నమ్మకం ఎక్కువ.

మరి ఆవిడ దగ్గర మిగిలిందేంటి? మా తాతయ్య సంగతి చెప్తాను. ఆయనకి ఎడమవైపు పడిపోయింది. మంచం ఆ వైపు గోడకి ఆనించి ఉండేది. నీళ్లూ మందులూ కుడివైపు స్టూలు మీద. మేమందరం కుడివైపు నుంచే మాట్లాడేవాళ్లం. ఆయనకి కష్టం కాకూడదనే. అంటే ఆ ఎడమవైపుకి రోజంతా పిలుపే లేదు. బొబాత్ దారిలో నడిచిన ఫిజియోలు చెప్పింది సరిగ్గా దీనికి ఉల్టా: ఆ వైపు కూర్చోండి, ఆ వైపు నుంచి పలకరించండి. మాకప్పుడు ఎవరూ చెప్పలేదు.

బెర్తా, కారెల్ ఇద్దరూ 1991 జనవరి 20న, ఒకే రోజు చనిపోయారు.

మీ ఇంట్లో అలాంటి పేషెంట్ ఉంటే, లేపేటప్పుడు పడిపోయిన చెయ్యి పట్టుకుని లాగకండి. పట్టు లేని భుజం కీలు జారిపోతుంది. మొదట్లో మీరు చేసిన కుర్చీ సంగతి గుర్తుంది కదా, ముందు ఆయన్ని నడుం ముందుకి వంచనివ్వండి. మిగతాది ఎలాగో మీ ఫిజియోని అడిగి, ఒకసారి దగ్గరుండి చూపించమనండి.